మట్టిలో పట్టు

బోథ్ ఊరి దారిలోని కట్టెల కోతమిషన్‌లో రంపం గట్టయ్య కుడిచేతిని తెంపేసింది.

"కేసెయ్యి గట్టన్నా. నీకు పరిహారమొస్తది, రంపానికి అడ్డురేకొస్తది," అన్నాడు తోటి కూలీ కొండల్. కానీ సేటు కావలి పని ఇస్తాననడంతో గట్టయ్య ఊరుకున్నాడు.

ఏడాది తిరక్కముందే అదే రంపానికి కొండల్ చెయ్యి పోయింది. దాన్నీ మిషన్ వెనక, గట్టయ్య చెయ్యి పక్కనే పాతిపెట్టారు.

ఆ రాత్రి మిషన్ దగ్గర ఒక్క చప్పుడూ లేదు. కావలి కూర్చున్న గట్టయ్యకు, తన లేని వేళ్లను మట్టిలో ఎవరో మెల్లగా పట్టుకున్నట్టు తెలిసింది. ఆ పట్టు వెచ్చగా ఉంది.

అన్నం తెచ్చిన భార్య ఎల్లక్క, "గట్ల జూస్తున్నవేంది?" అని అడిగింది.

అతను ఖాళీ చొక్కాచేతి వైపే చూస్తూ, "నేను కేసేస్తే నీకు గిట్ల కాకపోతుండె కొండల్. జర ఇడువు," అన్నాడు.

పట్టు ఇంకా బిగిసింది.