ఏ కాలేజీ తరఫున?

"ఏ కాలేజీ ఏజెంటువమ్మా?"

గుమ్మంలో నిలబడ్డ మనిషిని చూసి కూడా ఏడుకొండలు వల బాగుచేయడం ఆపలేదు. రిజల్ట్స్ వచ్చినప్పటి నుంచి గిలకలదిండిలో ఏజెంట్ల తాకిడి ఎక్కువైపోయింది.

"ఏ కాలేజీ కాదన్నయ్యా. అమ్మాయికి కాకినాడలో ఇంజినీరింగ్ సీటొచ్చిందటగా. పంపించమని అడగడానికొచ్చాను."

ఆవిడకి యాభై దగ్గర పడుతుంటాయి. బస్సు దిగి ఎండలో నడిచొచ్చినట్టుంది, ముఖమంతా చెమట.

తలుపు చాటున కూతురు దివ్యశ్రీ చెవులు రిక్కించింది. ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేసిన పిల్ల. నిరుడు బోటులో జీపీఎస్ చెడిపోయి మెకానిక్కు చేతులెత్తేస్తే, తనే విప్పి బాగుచేసింది. అప్పుడు ఏడుకొండలు హార్బరంతా చెప్పుకు తిరిగాడు. సొంత బోట్లున్న దివిసీమ సంబంధం రాగానే ఆ మాటే మర్చిపోయాడు.

"అమ్మాయికి పెళ్లి కుదిరిందమ్మా. శ్రావణంలో ముహూర్తం."

"తెలుసు."

"పెళ్లయ్యాక వాళ్లే చదివిస్తామన్నారు."

"చదివించరన్నయ్యా."

"నీకెలా తెలుసు?"

ఆవిడ తల దించుకుంది.

"ఏ ఊరమ్మా నీది?"

ఆవిడ చూపు తలుపు చాటుకి పోయింది.

"ఊరు చెప్పవు, పేరు చెప్పవు. మా ఇంటి సంగతులన్నీ నీకెందుకు? వెళ్లమ్మా, వెళ్లు."

వెళ్లింది. కానీ ఆ వారంలోనే మళ్లీ వచ్చింది. ఈసారి హార్బర్‌కి. చేపల వేలం జరుగుతుంటే, జనాన్ని తోసుకుంటూ ఏడుకొండలు ముందుకొచ్చి నిలబడింది.

"రేపటితో సీటు పోతుందన్నయ్యా. చేర్పించండి. ఈ సంబంధం పోతే పోనివ్వండి."

ఏడుకొండలుకి ఒళ్లు మండిపోయింది.

"సంబంధం చెడగొట్టడానికొచ్చావా? ఎవరు పంపారే నిన్ను?"

వేలం ఆగిపోయింది. అందరూ ఇటే చూస్తున్నారు. ఎవరో కిసుక్కున నవ్వారు.

ఆవిడ పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఒక్కసారి పిల్లనడగండి" అని మాత్రం అని, బస్టాండు వైపు నడిచింది.

ఆ మాట ఇంటిదాకా పాకింది. తండ్రికి అన్నం వడ్డిస్తూ దివ్యశ్రీ అంది:

"నన్నొకసారి అడుగు నాన్నా."

ఏడుకొండలు కంచంలోంచి తలెత్తలేదు. అడగలేదు.

సీటు పోయింది.

నాగాయలంకలో పెళ్లికొడుకు ఇంటి ముందే పందిరి వేశారు. చూపులప్పటిలాగే ఇక్కడా ఆడపెత్తనమంతా పెళ్లికొడుకు మేనత్తదే. పొద్దున్నే తాళి పడింది. అక్షింతలు పడుతుంటే దివ్యశ్రీ కళ్లెత్తి ఎవరినీ చూడలేదు.

ఏడుకొండలు గుండెల మీద చెయ్యేసుకుని కూర్చోబోతూ ఆగిపోయాడు.

లోపల్నించి ఆవిడ వచ్చింది. ఆవిడే! గుంజ పట్టుకుని, పెళ్లికూతురినే చూస్తూ ఏడుస్తోంది.

'ఇక్కడికీ తయారైందా!'

వియ్యంకుడి చెయ్యి పట్టుకుని పక్కకి లాగాడు.

"బావగారూ, ఆ గుంజ దగ్గరున్నావిడ ఎవరండీ? ఎవరు పిలిచారు?"

వియ్యంకుడు అటు చూసి పకపకా నవ్వాడు.

"పిలవడమేంటి బావగారూ! ఒంట్లో బాగాలేదని మీకు చెప్పాం గానీ, చదువుకునే పిల్లని తెచ్చి తనలాగే పొయ్యి ముందు కూర్చోబెట్టొద్దని అన్నం మానేసి పడుకుంటే, చూపులకి మా అక్కని వెంటబెట్టుకొచ్చాం... ఆవిడే అబ్బాయి తల్లి."