ముల్లంగిని చివరికి దాచుకున్న కుందేలు

మేకవదిన తొలిసారి భోజనానికి పిలిచిందని కుందేలు పొద్దుటి నుంచీ పస్తుండి మరీ వెళ్ళింది. ఆకులో ఒకవైపు తెల్లటి ముల్లంగి, ఇంకోవైపు వేపాకు. ముల్లంగంటే కుందేలుకు ప్రాణం. వేపాకంటే ప్రాణం మీదికి వస్తుంది. మేకలకేమో వేపాకే విందు. ఎవరి నాలుక వారిది, దానితో వాదించి గెలిచినవాళ్ళు లేరు.

వదిలేస్తే వదిన నొచ్చుకుంటుంది. చేదు ముందే వదిలించుకుంటే చివరికి ముల్లంగి రుచి నోట్లో నిలుస్తుందని కుందేలు కళ్ళు మూసుకుని వేపాకంతా మింగేసింది.

"అయ్యో, అంత ఇష్టమా! చెప్పవేం?" అని మేక మురిసిపోయి మరో రెండు రెమ్మలు వడ్డించింది. "ముల్లంగి ముట్టనే లేదే! మొహమాటపడకు, నేను తినేస్తాలే" అంటూ దాన్ని నోట కరుచుకుంది.

కుందేలు ఏడుపు దిగమింగుతూ చూసింది. మేక కూడా కళ్ళు మూసుకునే నములుతోంది.

"వదినా, నీకు ముల్లంగి ఇష్టమేనా?"

"నాకు చచ్చినా పడదమ్మా! నీకోసమే తెచ్చాను. పారేస్తే పాపమని..."

"ఆగు, మింగకు!" అని కుందేలు మిగిలిన ముక్క లాక్కుని కరకరా నమిలేసింది.

అప్పటినుంచీ అది ఎవరింటికి వెళ్ళినా ముందు ఇష్టమైనదే తింటుంది. చేదు దగ్గరికి వచ్చేసరికి దాని కడుపు నిండిపోతుంది.