బరాత్ గుర్రం

పంచాయతీ పెద్దలారా, నేను చెప్పింది చెప్పినట్టే రాయించండి. నా ఫిర్యాదు స్వారీ నేర్పే గుర్వయ్య మీద. సాక్షి నా మనుమరాలు నాగరాణి.

మా లేత గుర్రానికీ, దాన్నెక్కే నాగరాణికీ నేర్పుతామని ఇద్దరొచ్చారు. కొరడాతో వచ్చినవాణ్ణి వాకిట్లోంచే పంపేశాను. గుర్రానికి బెల్లం పెట్టి మచ్చిక చేసుకున్న గుర్వయ్యను కుదుర్చుకున్నాను.

"పెండ్లి బరాత్‌లల్ల ఆడియ్యకు బిడ్డా. ఆట మరిగిన గుర్రం నిలవడమంటే నిలవడదు" అన్నాను.

"నీ మీదొట్టు అవ్వా. దీనికి బ్యాండు సప్పుడు గూడ ఇననియ్య."

నిన్న హైదరాబాద్ స్వారీ బడి సారు వచ్చాడు. గుర్రం నచ్చితే దాన్నీ, నాగరాణినీ బడిలో చేర్చుకుంటానన్నాడు. నాగరాణి ఎక్కి కూర్చుంది. గుర్రం రాయిలా నిలబడింది. అంతలో రోడ్డు మీద పెళ్లి బ్యాండు మోగింది. గుర్రం మెడ వంచి, ముందుకాళ్లెత్తి, గిరగిరా తిరుగుతూ ఆడింది.

"ఇది బరాత్ గుర్రమమ్మా" అని సారు కారెక్కాడు.

"ఎన్ని పెండ్లిండ్లు తిప్పినవ్ రా?" అని గుర్వయ్య అంగీ పట్టుకున్నాను. వాడు నన్ను చూడలేదు. గుర్రం మీదున్న నాగరాణినే చూశాడు. ఎందుకో అప్పుడు తట్టలేదు.

ఇప్పుడు చెబుతుంటే కళ్లకు కట్టినట్టుంది. నాగరాణి బెదరలేదు, కళ్లెం లాగలేదు. బ్యాండు మోగగానే ముందు నాగరాణి మడమలు గుర్రం డొక్కలను తాకాయి. ఆ తర్వాతే గుర్రం ఆడింది.

"ఏమే నాగరాణీ, అబద్ధమా? తలెత్తి చెప్పు."

ఎత్తదు. సాక్షి పేరు కొట్టేయండి. దాన్ని ఫిర్యాదులో గుర్వయ్య పేరుకు పైన రాయండి.