రత్నమాల నడక

సినిమావాళ్లకు రత్నమాల కావాలి.

అసిస్టెంట్ డైరెక్టర్ నిఖిత ఆ మాట అప్పటికి మూడోసారి చెప్పింది. నలభై ఏళ్ల కిందటి చారిత్రక నాటకాన్ని సినిమాగా తీస్తున్నారు. చెరుకు కొట్టే రోజుల్లో బోధన్ చుట్టుపక్కల ఊళ్లన్నీ బండ్లు కట్టుకుని వచ్చి చూసిన నాటకం. ఓడిన రాణి కోట విడిచి నడిచిపోయే రంగమే దానికి ప్రాణం. ఆ రాణి వేషం రత్నమాలది. హీరోయిన్‌కు ఆ నడక రావడం లేదు. బోధన్‌లో ఎవరినడిగినా, "రత్నమాల సంగతి నిజామాబాద్‌ల సుమిత్రమ్మకే ఎరుక" అని నవ్వి పంపించారు.

"ఆవిడ ఎక్కడుంటారమ్మా?"

"పోయింది," అంది సుమిత్రమ్మ తునికాకు కత్తిరిస్తూ. "మా ఆయన పోయిన దినమే."

పక్కన బీడీలు చుడుతున్న గంగవ్వ కిసుక్కుమంది.

"ఆత్మారామన్న పానమంత రత్నమాల మీదనే ఉండె గదక్కా. నీ మీద ఏడుండె?"

"ఉన్న ఒక్క పట్టుచీర సుత దానికే పాయె."

సుమిత్రమ్మ మొహంలో కోపం లేదు. ఏమీ లేదు. ఆత్మారాం పోయి పదకొండేళ్లు. అప్పటినుంచి ఆమెకు నవ్వయినా ఏడుపయినా పక్కవీధి మైకులా దూరం నుంచే వినిపిస్తోంది.

"రాణి నడక మీరు చూశారా?"

"ఎన్ని ఆటలో. తెర పక్కన నిలవడి."

"మా హీరోయిన్‌కు చూపిస్తారా? ఏం కావాలన్నా అడగండి."

కత్తెర చాటలో పెట్టింది సుమిత్రమ్మ.

"పైసలొద్దు. సినిమాల మా ఆయన పేరు పడాలె. ఆత్మారాం అని. నేను సదువుకునేటట్టు పెద్దగ."

నిఖిత సంచిలోంచి పాత కరపత్రం తీసింది. రాజు: మార్కండేయ. సేనాపతి: భూమన్న. రాణి: రత్నమాల. పైనుంచి కిందికి రెండుసార్లు వెతికింది.

"ఇందులో ఆయన పేరు లేదమ్మా. నాటకంలో లేనివాళ్ల పేరు వేయమంటే డైరెక్టర్ గారు ఒప్పుకోరు. రత్నమాల గారిదైతే అందరికంటే ముందే వేస్తారు."

సుమిత్రమ్మ లేచింది. ఒళ్లోని ఆకుముక్కలు దులుపుకుంది. వాకిట్లో తొమ్మిది అడుగులు వేసింది. మొదటి మూడు తలెత్తి. నాలుగో అడుగు దగ్గర ఆగి, వెనక్కి తిరగబోయి, తిరగలేదు. మిగతావి వెనకనుంచి ఎవరో తోస్తున్నట్టు.

గంగవ్వ చేతిలో బీడీ సగంలో ఆగిపోయింది. నిఖిత ఫోన్‌లో తీయడమే మరచిపోయింది.

"రత్నమాల గారి నడక ఇదేనా?"

"గిదే."

"మరి మీ ఆయన ఏ వేషం కట్టేవారమ్మా?"

సుమిత్రమ్మ వచ్చి మళ్లీ చాట ముందు కూర్చుంది.

"ఆటున్న దినమల్ల మీసం గొరిగించుకొని, నాతోని కుచ్చిళ్లు పెట్టించుకుంటెనే గద బిడ్డా, మా ఆయన మీ రత్నమాల అయ్యేది."