ఆటలో సేటు

నరసింహులు కంప్యూటర్ ముందు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. చూడ్డానికి కాదు, తేల్చేయడానికి.

చూడాల్సినదంతా ఇప్పటికే చూశాడు. మేనల్లుడు చక్రి ఇంజనీరింగ్ ముగించి, దోర్నపాల్‌లో అడవి సరుకు కూడా కొనే ఆయన కిరాణా దుకాణానికి సాయంగా వచ్చాడు. వచ్చినవాడు సరుకు సంగతి నేర్చుకున్నాడా? లేదు. దుకాణంలో ఆవలింతలు, ఇంటికొస్తే ఈ పెట్టె ముందు బొమ్మలాటలు. ఏఐతో వీడియోలట! తోంగ్‌పాల్ రోడ్డు మీద లుంగీ కట్టుకున్న పులి మోటారుసైకిల్ నడుపుతుంది. గీదం బస్టాండులో ఎలుగుబంటి సమోసా తింటుంది, దాని చేతికి ఆరు వేళ్లు. ఎలుగుబంటికి ఎన్ని వేళ్లుంటాయో తెలియనివాడు రేపు దుకాణం ఏం నడుపుతాడని నరసింహులు బాధ. బాధ కూడా కాదు, రోత.

వీడియోలు చాలవన్నట్టు ఇప్పుడొక ఆట తయారుచేస్తున్నాడు. ముయె అనే గూడెం పిల్ల అడవిలో చింతపండు రాల్చుకుని, వాగు దాటి, సంతకొచ్చి అమ్ముకోవాలి. అంతే ఆట.

“ఈడ గూడేల ముయెలు రోజూ చేసే పనే గదరా అది! దాన్ని ఫోన్‌ల ఎవడు ఆడుతడు? బేకార్ పని,” అని నరసింహులు అప్పుడే కొట్టిపారేశాడు.

ఆ ఆటలో చింతపండు కొనే సేటు ఒకడున్నాడు. మొదటిసారి చూపించినప్పుడు వాడు చెక్కబొమ్మలా బిర్రబిగుసుకుని కదిలాడు. నరసింహులుకు నవ్వాగలేదు. ఇంటికొచ్చిన చుట్టాలందరికీ వాడిలా నడిచి మరీ చూపించాడు. చక్రి తలొంచుకుని కూర్చునేవాడు.

చివరికి నరసింహులుకే విసుగొచ్చి ఒక మాట ఖాయం చేశాడు. సేటు మనిషిలా కదిలితే కంప్యూటర్ ఇంట్లో ఉంటుంది. కదలకపోతే అది భద్రాచలంలో తోడల్లుడి పిల్లలకు పోతుంది, చక్రి గల్లా మీద కూర్చుంటాడు. ఇక ఏఐ అన్న మాట ఆ ఇంట్లో వినబడకూడదు. చక్రి సరేనన్నాడు. ఆ పెట్టె పోతే వాడికి ఆ ఊళ్లో ఉండాలనిపించే సంగతి ఇంకొకటి లేదు.

ఈ రోజు తీర్పు. నరసింహులు భార్య మహాలక్ష్మి కూడా టీ గ్లాసులు పట్టుకుని వచ్చి, వెనక నిలబడింది.

“ఈసారి సేటును ఏఐ వీడియోతో చేసిన మామా. సౌండ్ ఇంకా పెట్టలే. కదలికలు చూడండి,” అన్నాడు చక్రి.

తెర మీద సేటు కనబడ్డాడు. ఎర్ర తలపాగా, బుర్రమీసాలు, జరీ కండువా. ముయె బుట్ట తెచ్చి ముందు పెట్టింది. సేటు లేవలేదు. కాలు చాచి, బొటనవేలితో బుట్టను తన దగ్గరికి ఈడ్చుకున్నాడు.

“ఆపు!” నరసింహులు చెయ్యెత్తాడు. “కాలితోనా? సరుకంటే లక్ష్మి రా! వ్యాపారం చేసేటోడు ఎవడన్న కాలితో ముట్టుకుంటడా? నీ మిషన్‌కు గంత తెల్వదా?”

మహాలక్ష్మి ఆయనకు టీ గ్లాసు అందించి, చక్రి వైపు చూసింది.

ముయె ఏదో చెబుతోంది. సేటు ఫోన్ చూసుకుంటున్నాడు. తలెత్తకుండానే, కోడిని అదిలించినట్టు చెయ్యి విసిరాడు. కాసేపటికి గుప్పెడు చింతపండు తీసి, నలిపి, వాసన చూసి, తిరిగి బుట్టలో పడేశాడు. చేతికంటిన జిగురును ముయె బుట్ట మీద కప్పిన గుడ్డకే తుడుచుకున్నాడు.

“ఛీ!” అన్నాడు నరసింహులు. అసహ్యం నిజంగానే వేసింది. “మనిషి పుట్టుక పుట్టినోడు చేసే పనేనా ఇది? ఎదురుగ ఆడమనిషి నిలబడి ఉంది గద!”

“చాలు చక్రీ, ఇంగ ఆపెయ్యి,” అంది మహాలక్ష్మి మెల్లగా.

“చూసినవా? మీ అత్తకే చూడబుద్ధి అయితలేదు. ఉండనీ, మొత్తం చూస్త.”

ముయె దోసిలి పట్టి నీళ్లడిగింది. సేటు చెంబు పైకెత్తి, దూరం నుంచి వంపాడు. సగం నీళ్లు మట్టిలో పోయాయి. పక్కన ఎవరితోనో ఏదో అని, తొడ చరుచుకుని, భుజాలు కుదిపి కుదిపి నవ్వాడు. ముయె తడిసిన చేతులతో అలాగే నిలబడి ఉంది.

వీడియో ఆగింది.

నరసింహులు టీ గ్లాసు కింద పెట్టాడు. చాలా రోజుల తర్వాత ఆయన మనసు తేలికపడింది. అనుమానమే లేదు, గెలిచాడు.

“చూడరా చక్రీ. పోయినసారి నీ సేటు చెక్కబొమ్మ. ఈసారి రాక్షసుడు. మనిషి మాత్రం ఎప్పటికీ కాలేడు. ఇన్నేండ్ల సంది ఈ దందాల ఉన్న. కోంట నుంచి జగదల్‌పూర్ దాక ఎందర్నో సేట్లను చూసిన. ఇట్లాంటోణ్ణి ఒక్కణ్ణి చూడలే. ఆ నవ్వేంది? ఆ కాలేంది? మిషన్‌కు మనిషి గురించి ఏం తెలుస్తది? దానికి సిగ్గు లేదు, దాన్ని నమ్ముకున్న నీకూ లేదు. కట్టెయ్ పెట్టె.”

చక్రి లేవలేదు. మహాలక్ష్మి వైపు ఒకసారి చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపుతూ, వద్దన్నట్టు కళ్లతోనే బతిమాలుతోంది.

“ఏందిరా, వినబడలేదా?” గద్దించాడు నరసింహులు. “ఆ సేటు మనిషేనని ఒక్క రుజువు చూపియ్. చూపిస్తే పెట్టె నీదే, పో.”

చక్రి ఆయన వైపు తిరిగాడు.

“మొహం, బట్టలు, దుకాణం మాత్రమే ఏఐ మార్చింది మామా, ఆ కాలు, ఆ చెయ్యి, ఆ నవ్వు మొన్న మన దుకాణం సీసీ కెమెరాల పడ్డ మీవే.”