మర్యాద స్పీకర్లు

తల్లి పోయాక తవిటినాయుడికి మిగిలింది, చిన్నప్పుడు ఆవిడ తిట్టిన తిట్ల రికార్డింగొక్కటే. అది ఇంకా బాగా వినబడాలని పాత స్పీకర్లు ఇచ్చేసి కొత్త జత తెచ్చాడు.

"ఏం పగిలింది, నాయనా?" అన్నాయవి రికార్డింగు పెట్టగానే, తేనె పూసినట్టు.

"మా అమ్మ ఇలా అనలేదు."

"ఇప్పుడొచ్చేవన్నీ మర్యాద స్పీకర్లే కదండీ. ఎవరి తిట్లయినా కడిగేసే వినిపిస్తాయి," అంది భార్య సూరమ్మ.

నాయుడికి ఒళ్లు మండిపోయింది. రోకలి తెచ్చి ఒకదాన్ని నుజ్జునుజ్జు చేశాడు. రేకు చీరుకుని చెయ్యంతా నెత్తురు. అయినా ఆగకుండా రెండోదాన్ని నాలుగు బాదేసరికి, అది గరగరమంటూ అరిచింది.

"మళ్లీ ఏం పగలగొట్టి చచ్చావురా, దున్నపోతా?"

చేతిలో రోకలి జారిపోయింది.

"ఏం లేదమ్మా," అన్నాడు నాయుడు, నెత్తుటి చెయ్యి వెనక్కి దాచుకుంటూ.