పాటలో సగం

"నీ పేరే లేదు బీరన్నా!" అన్నాడు బండి చెన్నయ్య, ఎడ్లను ఆపి. "నిన్న తాండూరు సంతల జంగప్ప ఆఖరి మాట మార్చి పాడిండు. సాబ్ పిలిచి, గీ పాట ఎవరు కట్టిండ్రని అడిగితే, నేనొక్కన్నే కట్టిన అన్నడట."

బీరన్న చంకలోని గొర్రెపిల్లను కిందికి దించాడు.

"ఒక్కడా?"

"ఒక్కడే అన్నడట. నువ్వు యాదికే లేవట."

నలభై ఎనిమిది ఎండాకాలం అది. వికారాబాద్ చుట్టుపక్కల ఆ పాట నోట్లో నానని మనిషి లేడు. నాట్లేసే ఆడవాళ్లు, బండ్లు తోలే మగవాళ్లు, చివరికి దొర గడీలో వంటవాళ్లు కూడా గొంతు తగ్గించి పాడుకునేవాళ్లు.

*మేకనిస్తివి, పిల్లనిస్తివి, మందనిస్తివిరా*
*గడీ కడుపు నిండకపాయె, నువ్వే మిగిలితివిరా*

పాట కట్టినవాడు ఆఖరి మాటలో తన పేరు దూర్చడం అక్కడి పద్ధతి. కాగితం లేదు, సంతకం లేదు. ఆ పేరు ఎవరిదైతే పాట వాళ్లది. ఈ పాట ఆఖరున 'జంగడు బీరడు కట్టిన పాట, జనమంత పాడరో' అని ఉండేది.

ఆ రెండు పేర్లూ ఊరికే చేరలేదు. కులాలు వేరైనా బావా అంటే బావా అనుకునే ఆ ఇద్దరూ కిందటి వానాకాలం బీరన్న గొంగడి మీద కూర్చుని ఒప్పందం చేసుకున్నారు. మాటలు జంగప్పవి, రాగం బీరన్నది. ఒకరిని అడగకుండా ఇంకొకరు అక్షరం మార్చకూడదు. ఏమొచ్చినా చెరి సగం. సాక్షి బీరన్న పెళ్లాం రుక్కమ్మ. ఇద్దరికీ జొన్నరొట్టె పెట్టింది కూడా ఆవిడే.

ఆ రొట్టె తిన్న నోటితోనే ఇప్పుడు ఒక్కణ్ణే అన్నాడు! బీరన్నకు ఒళ్లు మండిపోయింది.

గొంగడి భుజాన వేసుకుంటే రుక్కమ్మ దాని చెంగు పట్టుకుంది.

"పోతే పోనియ్యయ్యా. ఒక్క పాటనే గదా. ఇంకోటి కట్టుకుందువు."

"పాటనా? మాట గాదే అది? నీ ముందటనే గదనే చెరి సగమన్నడు?"

"అన్నడు. ఇప్పుడు ఆయనే అంత తీసుకుంటనంటే నువ్వెందుకు కొట్లాడాలె?"

"ఎందుకా? నా సగం మింగెటందుకు ఆడెవడు?"

రుక్కమ్మ కళ్లొత్తుకుంది. "పొద్దుగూకేసరికి వస్తవా?"

"మంద పైలం," అన్నాడు బీరన్న. వెనక్కి చూడకుండా స్టేషన్ దారి పట్టాడు.

రైలు డబ్బాలో శనగలమ్మేవాడు ఒకడు అదే పాట కూనిరాగం తీస్తున్నాడు. 'జంగడొక్కడె కట్టిన పాట' అనేసరికి బీరన్న వాడి మీదికి లేచాడు.

"ఒక్కడు గాదు! జంగడు బీరడు అను!"

వాడు ఇటూ అటూ చూసి, బుట్ట సర్దుకుని, వచ్చే స్టేషన్లో దిగి వేరే డబ్బా ఎక్కాడు. లోకమంతా ఆ దొంగవైపే ఉన్నట్టుంది చూడబోతే.

తాండూరులో జంగప్ప కోసం వెతకాల్సిన పని పడలేదు. అడిగిన ప్రతివాడూ నోరు విప్పకుండా ఒకే వైపు చెయ్యి చూపించాడు. నాపరాళ్లు పరిచిన వరండా, ముందు కొంత జనం. వరండాలో బల్ల వెనక సాబ్ కూర్చుని రాసుకుంటున్నాడు. వెనక గదిలో జంగప్ప గోడకు ఆనుకుని నేల మీద కూర్చున్నాడు. బీరన్న గొంతు వినగానే ఉలిక్కిపడ్డాడు కానీ, ఒక పక్క మొహం గోడవైపు తిప్పుకునే ఉన్నాడు. ఏ మొహం పెట్టుకుని చూస్తాడు మరి!

"సాబ్, గా పాటల సగం నాది," అన్నాడు బీరన్న.

సాబ్ కలం ఆపాడు. "ఈయన ఒక్కన్నే కట్టిన అంటున్నడే?"

"అబద్ధం!"

"వీని మాట వినకుండ్రి సాబ్," అన్నాడు జంగప్ప లోపలినుంచి. "వీడెవడో నాకెరుకనే లేదు. గొర్లు కాసెటోడు. వీనికి పాట కట్టుడు ఏడొస్తది?"

ఎరుకనే లేదట! బీరన్న కోపం నషాళానికంటింది. ఇక మాటలతో పని లేదనుకున్నాడు. వరండాలో నిలబడి గొంతెత్తి పాట అందుకున్నాడు. మేక మాట దగ్గర బయట జనంలో ఎవరో సన్నగా గొంతు కలిపారు, మరుక్షణం ఆపేశారు. బీరన్న ఆపలేదు. ఆఖరి మాటను పాత మాటగానే, ఒకటికి రెండుసార్లు పాడాడు.

"రాగం నీదా?" అన్నాడు సాబ్.

"రాగం నాది. మేక మాట గూడ నాదే. మా మందల పోయిన మేకలే అవి."

"సోచ్ లే, మంచిగ ఆలోచించుకో. రాసినంక మళ్ల కాదంటే నడువది."

"కాదనెటోణ్ణయితే గింత దూరం వస్తనా? రాయుండ్రి సాబ్. బీరన్న అని రాయుండ్రి."

సాబ్ రాశాడు. బీరన్న వేలిముద్ర వేశాడు. లోపల జంగప్ప తల గోడకేసి కొట్టుకున్నాడు.

"ఎందుకొచ్చినవ్ బావా?"

"ఇప్పుడైనా ఎరుకయిన్నా? నన్ను అడగకుంట మాట మారుస్తవా? నాకు చెప్పకుంట నా పాలు గూడ నువ్వే తీసుకుంటవా?" అన్నాడు బీరన్న.

సాబ్ సైగ చేయగానే ఠాణా జవాను కటకటాల తాళం తీశాడు. బీరన్న తల వంచి లోపలికి దూరి, వాచిపోయిన మొహంతో ఉన్న జంగప్ప పక్కనే చతికిలబడి, "జర జరుగు బావా, గిండ్ల గూడ సగం నాదే," అన్నాడు.